ఉంగరపు నీడ

ఎక్స్-రే తీయించుకోవడానికి వెళ్లిన రోగిని సిబ్బంది మొట్టమొదట కోరేది ఒంటిమీది నగలు తీసివేయమని. గాజులు కానీ, గొలుసు కానీ, ఉంగరం కానీ, లోహమైతే చాలు, తీసి పక్కన పెట్టవలసిందే. లోహం ఎక్స్-కిరణాలకు ఎంతటి అడ్డుగోడో లోకానికి చూపిన తొలినాటి చిత్రాలలో ఒకదానిలోనూ ఒక ఉంగరం ఉంది. ఆ చిత్రాన్ని తీసినవారు జర్మన్ భౌతికశాస్త్రవేత్త విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్.

ఆయన 1845 మార్చి 27న నేటి జర్మనీలోని లెన్నెప్ పట్టణంలో ఒక వస్త్రవ్యాపారి ఇంట జన్మించారు. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. మూడేళ్ల ప్రాయంలోనే కుటుంబం హాలెండుకు తరలిపోయింది. యుట్రెక్ట్ సాంకేతిక పాఠశాలలో చదివే రోజుల్లో తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వ్యంగ్యచిత్రం గీశాడు. గీసినవాని పేరు చెప్పడానికి నిరాకరించినందుకు రాంట్‌జెన్‌ను బడి నుంచి తొలగించారని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ మౌనానికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పాఠశాల ధ్రువపత్రం లేని ఆయనను 1865లో జూరిచ్ పాలిటెక్నిక్ చేర్చుకొన్నది. 1869లో డాక్టరేట్ పట్టం పొందినప్పటికీ, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆ పాత లోపాన్నే ఎత్తిచూపి అధ్యాపకార్హతను నిరాకరించింది. విచిత్రమేమంటే, 1888లో ఆయనను ఆచార్యపదవికి ఆహ్వానించినదీ, 1894లో రెక్టారుగా ఎన్నుకొన్నదీ ఆ విశ్వవిద్యాలయమే.

1895 నవంబరు 8 సాయంకాలం ఆయన ప్రయోగశాలలో ఒంటరిగా ఉన్నారు. గాలిని దాదాపు పూర్తిగా తీసివేసిన గాజుగొట్టంలో విద్యుత్తును పంపి పరిశీలిస్తున్నారు. గొట్టాన్ని నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేశారు. అయినా కొంత దూరంలో బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మిలమిల మెరిసింది. అట్టను దాటుకొని ఏదో వస్తున్నది. అదేమిటో తెలియదు కనుక, గణితంలో తెలియని రాశికి వాడే అక్షరాన్నే తీసుకొని ఎక్స్-కిరణాలని పేరు పెట్టారు.

ఆ తరువాత ఏడు వారాలపాటు ఆయనకు ప్రయోగశాలే ఇల్లయింది. భోజనం అక్కడే, నిద్ర కూడా అక్కడే. కిరణాల దారికి అడ్డంగా చేతికందిన వస్తువునల్లా నిలిపి చూశారు. వేయి పుటల గ్రంథాన్ని అవి దాటాయి. దళసరి చెక్కను దాటాయి. మూసిన చెక్కపెట్టెలోని తూనికరాళ్లను బయటికి చూపాయి. కానీ ఒకటిన్నర మిల్లీమీటరు మందం గల సీసపు రేకు వాటిని దాదాపుగా నిలిపివేసింది. డిసెంబరు 22న భార్య బెర్తాను పిలిచి, ఆమె చేతిని ఫోటో పలకపై కదలకుండా ఉంచమన్నారు. పలకను కడిగి చూడగా మాంసం పలుచని పొగమంచువలె, ఎముకలు స్పష్టంగా, వేలి ఉంగరం ఎముకకంటే చిక్కని నీడగా కనిపించాయి. తన అస్థిపంజరాన్ని తానే చూసుకొని ఆమె భీతిల్లిందని చెబుతారు.

పరమాణువులో ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ ఎక్స్-కిరణాలను పీల్చుకొనే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎముకలోని కాల్షియానికి 20 ఎలక్ట్రాన్లు. ఇనుముకు 26, బంగారానికి 79, సీసానికి 82. బెర్తా చేతి చిత్రంలో ఉంగరం మరుగుపరచినది వేలి ఎముకలో కొద్ది భాగాన్ని మాత్రమే. తరువాతి కాలంలో ఆ నీడే వైద్యులకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో తొలిసారిగా ఒక రోగి మెదడును చిత్రించారు. ఈ పద్ధతిలో ఎక్స్-కిరణాలను శరీరం చుట్టూ అనేక దిశల నుంచి పంపి, ఏ దారిలో ఎంత కిరణం మిగిలి బయటపడినదో కొలుస్తారు. ఆ కొలతలన్నిటినీ కలిపి కంప్యూటరు శరీరపు అడ్డుకోతను గీస్తుంది. తుంటిలో లోహపు కీలు అమర్చిన రోగి దానిని ఉంగరంలా తీసి పక్కన పెట్టలేడు కదా! తక్కువ శక్తి గల కిరణాలు ఆ లోహంలోనే ఆగిపోతాయి. ఎక్కువ శక్తి గలవి కొన్ని మాత్రమే బయటపడతాయి. అందువల్ల కొలత తప్పుతుంది. తప్పిన ప్రతి కొలతా తన దారి పొడవునా చిత్రంలోకి పాకుతుంది. లోహం చుట్టూ తెల్లని చారలు, నల్లని పట్టీలు ఏర్పడి, పక్కనున్న ఎముక పగిలినదో, చీము పట్టినదో తెలియకుండా చేస్తాయి.

రాంట్‌జెన్ స్వదేశంలోనే 1987లో విల్లీ కలెండర్ బృందం ఇందుకొక ఉపాయాన్ని ప్రకటించింది. లోహం గుండా వచ్చిన కొలతలను గుర్తించి తొలగించి, ఇరుపక్కల ఉన్న మంచి కొలతల ఆధారంగా ఆ ఖాళీని పూరించడమే ఆ ఉపాయం. చినిగిన వస్త్రానికి చుట్టూ ఉన్న పోగులను చూసి రఫ్ఫు చేయడం వంటిది. తరువాత వచ్చిన పద్ధతులలో అనేకం దీనిని మెరుగుపరచినవే. అయితే పూరించినది అంచనాయే కాని కొలత కాదు. లోహాన్ని ఆనుకొని నిజంగా ఉన్న సన్నని పగులును సైతం అది చెరిపివేయవచ్చు. కనుక సవరించిన చిత్రం పక్కనే సవరించని చిత్రాన్నీ పెట్టుకొని చూడడం వివేకవంతుడైన వైద్యుని లక్షణం.

రాంట్‌జెన్ తన పరిశోధనాఫలితాలను 1895 డిసెంబరు 28న ప్రచురణకు అందజేశారు. కొన్ని వారాలు గడవకముందే ప్రపంచమంతటా వైద్యులు ఆ కిరణాలను వాడసాగారు. హక్కులు తన పేర నమోదు చేసుకొని ఉంటే ఆయన అపార ధనవంతులయ్యేవారు. ఆ పని చేయలేదు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించినప్పుడు ఆ సొమ్మును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. లోకమంతా రాంట్‌జెన్ కిరణాలని పిలుస్తున్నా, తాను మాత్రం ఎక్స్-కిరణాలనే అన్నారు.

1919లో బెర్తా కన్నుమూసింది. యుద్ధానంతరం జర్మనీని ముంచెత్తిన ద్రవ్యోల్బణంలో ఆయన పొదుపు హరించుకుపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సరుతో మరణించారు. గీసెన్ పట్టణంలో తల్లిదండ్రుల, భార్య సమాధుల సరసన ఆయనను ఖననం చేశారు. శాస్త్రసంబంధమైన కాగితాలను దగ్ధం చేయవలెనన్నది ఆయన కోరిక. అది కూడా నెరవేర్చారు.