రెండు వేల రూపాయల విముక్తి

దాంపత్యం తెగినప్పుడు ఆస్తి ఎవరికి చెందాలన్న తగవు రాజధానిలోని చట్టసభలను, సర్వోన్నత న్యాయస్థానాన్ని దశాబ్దాలుగా వెన్నాడుతూనే ఉన్నది. విడాకులు పొందిన భార్యకు భర్త స్థిరాస్తిలో వాటా కల్పించదలచిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ గడప దాటింది. కానీ లోక్‌సభ ఆమోదానికి నోచుకోక, 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. ఈ తగవు మూలాలు వెదుకుతూ వెనుకకు పోతే, బొంబాయి హైకోర్టులో ప్రతివాదిగా నిలిచిన ఇరవై యేళ్ల యువతి ఒకరు కనిపిస్తారు. ఆమె పేరు రుఖ్మాబాయి.

1864 నవంబరు 22న బొంబాయిలో, వడ్రంగుల కులమైన సుతార్ కుటుంబంలో ఆమె జన్మించారు. పసితనంలోనే తండ్రి జనార్దన్ పాండురంగ్ మరణించారు. తల్లి జయంతీబాయి కొన్నేళ్లకు వైద్యుడైన సఖారాం అర్జున్‌ను పునర్వివాహం చేసుకొన్నారు. 1856 నాటి వితంతు వివాహ చట్టం పునర్వివాహానికి అనుమతినిచ్చింది. ఆ చేతనే పూర్వభర్త ఆస్తిపై వితంతువుకు ఉన్న హక్కును తీసివేసింది. అందువల్ల జయంతీబాయి తనకు సంక్రమించిన ఆస్తిని పెళ్లికి ముందే కూతురి పేర పెట్టారు. తరువాతి కథకంతకూ బీజం ఇక్కడే పడింది.

రుఖ్మాబాయికి పదకొండవ యేట సవతి తండ్రి బంధువైన దాదాజీ భికాజీతో పెళ్లి జరిగింది. వరునికి పంతొమ్మిదేళ్లు. అతను ఇల్లరికం ఉండి చదువుకొని వృద్ధిలోకి రావాలన్నది పెద్దల ఒడంబడిక. చదువు సాగలేదు, దాదాజీ మేనమామ పంచన చేరాడు. రుఖ్మాబాయి మాత్రం సవతి తండ్రి ప్రోత్సాహంతో ఇంటివద్దనే చదువుకొన్నారు. కాపురానికి రమ్మన్నప్పుడు రానన్నారు.

1884లో దాదాజీ దాంపత్య హక్కుల పునరుద్ధరణకు దావా వేశాడు. అతని కన్ను ఆస్తిపై ఉన్నదని ఆమె పక్షం వాదించింది. ఆస్తి చేజారుతుందన్న భయంతో తల్లి, మాతామహుడే పిల్లను ఆపుతున్నారని అతని పక్షం ఎదురు వాదించింది. కాపురం గురించిన వ్యాజ్యంలో కాసుల ప్రస్తావన ఏనాడూ దూరం కాలేదు.

1885 సెప్టెంబరులో న్యాయమూర్తి పిన్హే దావాను కొట్టివేశారు. ఈ వ్యాజ్య విధానం ఇంగ్లండు నుంచి వచ్చిందే కాని హిందూ ధర్మశాస్త్రంలోనిది కాదనీ, ఏనాడూ మొదలుకాని కాపురాన్ని పునరుద్ధరించడమన్న ప్రశ్నే లేదనీ ఆయన తీర్పు సారాంశం. విచిత్రమేమిటంటే, ఇటువంటి ఉత్తర్వును ధిక్కరించిన వారిని జైలుకు పంపే పద్ధతిని ఇంగ్లండు 1884లోనే రద్దు చేసుకొన్నది. బొంబాయిలో అది కొనసాగింది. 1886లో ప్రధాన న్యాయమూర్తి సార్జెంట్, న్యాయమూర్తి బేలీ అప్పీలులో పిన్హే తీర్పును తోసిపుచ్చారు. 1887 మార్చి 4న న్యాయమూర్తి ఫారన్, నెల లోపల భర్త ఇంటికి పోవాలని, లేకుంటే ఆరు నెలల వరకు కారాగారం తప్పదని ఆదేశించారు. రుఖ్మాబాయి కారాగారాన్నే కోరుకొన్నారు.

దేశం రెండుగా చీలింది. మలబారీ వంటి సంస్కర్తలు ఆమె పక్షాన నిలిచారు. తిలక్ హిందూ ధర్మానికి ముప్పు వాటిల్లిందంటూ వ్యతిరేకించారు. స్వరాజ్యం కోసం చెరసాలకు వెరవని మహానాయకుడు ఒక స్త్రీ స్వేచ్ఛ విషయంలో ఎదుటి పక్షాన నిలవడం మన జాతీయోద్యమ చరిత్రలో మరువరాని వైరుధ్యం.

చివరకు ఆ చిక్కుముడిని విప్పింది తీర్పు కాదు, రాజీ. 1888 జూలైలో రెండు వేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ డిక్రీ అమలును వదలుకొన్నాడు. అయితే ఇది విడాకుల ఒప్పందం కాదు. చట్టం దృష్టిలో వివాహం చెక్కుచెదరలేదు. బహుభార్యత్వం చెల్లే ఆ రోజుల్లో దాదాజీ మరో పెళ్లి చేసుకొన్నాడు. ఆమెకు ఆ వీలు లేదు. ఒకే ఒప్పందం ఒకరికి స్వేచ్ఛనూ సొమ్మునూ ఇచ్చింది. మరొకరికి చెర తప్పించింది, అంతే.

ఆ మిగిలిన స్వేచ్ఛనే ఆమె పెట్టుబడిగా చేసుకొన్నారు. 1889లో ఇంగ్లండు వెళ్లి, లండన్ మహిళా వైద్య పాఠశాలలో చదివి, వైద్యురాలై తిరిగివచ్చారు. సూరత్‌లోను, ఆపై రాజకోటలోను దశాబ్దాలపాటు స్త్రీలకు చికిత్స చేశారు. 1904లో దాదాజీ మరణించినప్పుడు ఆమె వితంతువు వలె తెల్లచీర కట్టారని చెబుతారు. 1955 మే 18న హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చి, హిందూ స్త్రీలకు దాదాపు దేశమంతటా విడాకుల హక్కును ఇచ్చింది. నాలుగు నెలలకు, సెప్టెంబరు 25న, రుఖ్మాబాయి కన్నుమూశారు.

అదే చట్టంలోని 9వ సెక్షన్ దాంపత్య హక్కుల పునరుద్ధరణను నిలుపుకొన్నది. కడప న్యాయస్థానంలో మొదలైన ఒక కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి 1983లో ఈ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. మరుసటి యేడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. జైలుశిక్ష 1923 సవరణతోనే పోయింది కాని, డిక్రీని ధిక్కరిస్తే ఆస్తిని జప్తు చేసే వీలు మాత్రం నిలిచింది.

గోవాను మినహాయిస్తే, దాంపత్య కాలంలో కూడిన ఆస్తిలో భార్యకు సహజమైన వాటా మన చట్టంలో లేదు. వివాహ సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల గురించే 27వ సెక్షన్ మాట్లాడుతుంది. మిగిలినదంతా భరణం మీద, రాజీ మీద ఆధారపడవలసిందే. రాజీలో నెగ్గేది బేరమాడగల శక్తి ఉన్నవారు. రుఖ్మాబాయికి ఆస్తి ఉన్నది, చదువున్నది, అండగా నిలిచిన పెద్దలున్నారు. అవేవీ లేని స్త్రీ కుటుంబ న్యాయస్థానం మెట్లెక్కినప్పుడు ఆమె పక్షాన బేరమాడవలసింది చట్టమే. ఆ బాధ్యతను 2014లో పార్లమెంటు మురగనిచ్చింది.