డేనియల్ జోన్స్: ఉచ్చారణ బోధనలో స్థాన ప్రయత్న వివేకం

డేనియల్ జోన్స్ 1881లో లండనులో జన్మించాడు. కేంబ్రిడ్జిలో గణితం, ఆపై న్యాయశాస్త్రం అభ్యసించినా, పారిస్‌లో పాల్ పాసీ శిష్యరికం అతనిని ధ్వనిశాస్త్రం వైపు మళ్ళించింది. 1907లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బోధన ప్రారంభించి, 1921లో ఆచార్యుడై, 1949లో పదవీ విరమణ చేశాడు.

పరభాషీయులకు క్లిష్టమైన ధ్వనులను వినిపించి అనుకరింపజేయడంతో అతడు తృప్తి చెందలేదు. అవి పుట్టే తీరును వివరించాడు. ‘థింక్’ అనే మాటలోని మొదటి ధ్వనికి తెలుగువారు థకారం పలుకుతారు. స్థానం రెండింటికీ దంతాలే. భేదమంతా ప్రయత్నంలో ఉంది. థకారం స్పృష్టం. ఇంగ్లీషు ధ్వనికి నాలుక కొన పైపళ్ళ అంచును తాకీ తాకనట్లుండగా, సన్నని సందులో గాలి ఒరసికొని పోవాలి, అది ఊష్మం. శిక్షాగ్రంథాలు చదివినవారికి ఈ విభజన కొత్త కాదు. చెవికి శిక్షణ ఇవ్వడంలోనే జోన్స్ ప్రత్యేకత కనిపిస్తుంది. అర్థం లేని పదాలను పలికి, విద్యార్థులచేత ధ్వనిలిపిలో వ్రాయించేవాడు. అర్థం తెలిసిన మాటలో చెవి వినకుండానే ఊహించుకుంటుంది గదా!

1917నాటి ఉచ్చారణ నిఘంటువులో దక్షిణ ఇంగ్లండు విద్యావంతుల పలుకుబడిని నమోదు చేశాడు. దానిని ఇతరులపై రుద్దడం తన ఉద్దేశం కాదని చెప్పినా, బోధకులు పెక్కుమంది దానినే శాసనంగా గ్రహించారు. వర్ణనను విధిగా మార్చిన దోషం గ్రంథకర్తది కాదు. జోన్స్ 1967లో మరణించాడు.