ఆగుతుందా, ఆగదా? - అలన్ ట్యూరింగ్ జీవితం

కంప్యూటరుకు ఒక పని అప్పగించారు. ఎంతసేపు చూసినా తెర మీద ఏమీ రాలేదు. అప్పుడు మీకు రెండు సందేహాలు కలుగుతాయి. లోపల పని ఇప్పుడు జరుగుతోందా? అది ఎప్పటికైనా పూర్తవుతుందా? ఈ రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. కాని మొదటిదానికి జవాబు సులభం. రెండవదానికి అన్ని వేళలా జవాబు చెప్పగల పద్ధతి లేనే లేదు. కంప్యూటర్లు పుట్టకముందే ఈ సత్యానికి దారి చూపిన గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్. ఆయన గురించి తెలుసుకుందాం.

బాల్యం, చదువు

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి జూలియస్ మద్రాసు రాష్ట్రంలో ఐ.సి.ఎస్. అధికారి. నేడు ఒడిశాలో ఉన్న ఛత్రపురంలో పనిచేశారు. తల్లి సారా మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు కుమార్తె. తల్లిదండ్రులు ఇండియాలో ఉండటంవల్ల అలన్, ఆయన అన్న జాన్ ఇంగ్లండులో వేరొక కుటుంబం దగ్గర పెరిగారు. అలన్ 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి గణితం చదివారు.

గొప్ప ఆవిష్కరణ

1936లో ట్యూరింగ్ కాగితం మీదే ఒక ఊహా యంత్రాన్ని వర్ణించారు. గళ్ళున్న పొడవైన పట్టీ మీద గుర్తులు చదువుతూ, రాస్తూ, ఇచ్చిన ఆదేశాల ప్రకారం అది నడుస్తుంది. నేటి కంప్యూటరు చేయగల లెక్కలన్నీ అది చేయగలదు. అయితే అలాంటి యంత్రాల గురించి కొన్ని ప్రశ్నలకు ఏ యంత్రమూ జవాబు తేల్చలేదని ఆయన నిరూపించారు. తరువాతివారు దీనినే సరళం చేసి ఆగే సమస్య అన్నారు.

దీనిని ఇలా అర్థం చేసుకోవచ్చు. ఏ ప్రోగ్రామునైనా చూసి, అది ఆగుతుందో ఆగదో చెప్పే తనిఖీ ప్రోగ్రాము ఒకటి ఉందనుకుందాం. దానిని లోపల ఉంచుకొని మరొక ప్రోగ్రాము రాద్దాం. ఇది తన గురించి తానే తనిఖీ చేయించుకుంటుంది. ఆగుతుందని జవాబు వస్తే ఆగకుండా తిరుగుతుంది. ఆగదని వస్తే వెంటనే ఆగిపోతుంది. ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి అలాంటి తనిఖీ ప్రోగ్రాము ఉండటం అసాధ్యం.

యుద్ధకాలం

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించే పనిలో చేరారు. పోలెండు గణితజ్ఞుల కృషిని ఆధారం చేసుకొని, బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించారు. సరిపోయే అవకాశమున్న అమరిక దొరకగానే ఆ యంత్రం ఆగేది. అది నిజంగా సరైనదో కాదో మనుషులు మళ్ళీ పరీక్షించేవారు. ఈ పని ఎన్నో ఏళ్ళు రహస్యంగా ఉండిపోయింది.

విషాదాంతం

దేశానికి ఇంత సేవ చేసిన ఆయనను 1952లో స్వలింగ సంబంధం నేరం కింద కోర్టు శిక్షించింది. జైలు తప్పించుకోవడానికి హార్మోన్ మందులు తీసుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న, 41 ఏళ్ళ వయసులో, సైనైడ్ విషంవల్ల ఆయన మరణించారు. అది ఆత్మహత్య అని విచారణ తేల్చింది. 2009లో బ్రిటిష్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2013లో ఆయనకు మరణానంతరం రాజక్షమాభిక్ష లభించింది.

నేటి ఉపయోగం

కంప్యూటరు తనలో నడిచే ప్రతి పనికీ ఒక సంఖ్య ఇచ్చి పట్టికలో ఉంచుకుంటుంది. సి, పైథాన్ వంటి భాషలలో రాసిన ప్రోగ్రాము ఆ సంఖ్య చెప్పి విచారించవచ్చు. యూనిక్స్ తరహా కంప్యూటర్లలో ఆ సంఖ్యకు సున్నా సంకేతం పంపుతారు. దానివల్ల పనికి ఆటంకం కలగదు. ఆ పని పట్టికలో ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. పాత పని ముగిశాక అదే సంఖ్య మరొక పనికి దక్కవచ్చు. అందువల్ల పని పేరు, మొదలైన సమయం కూడా సరిచూడాలి. పని ఉందని తెలిసినంత మాత్రాన అది ముగుస్తుందని కాదు. అందుకే అనుభవం ఉన్నవారు పనికి ఒక గడువు పెడతారు. గడువు దాటితే దానిని ఆపేస్తారు.

ఆలోచించండి

1. పని జరుగుతోందా, పని ముగుస్తుందా అనే ప్రశ్నల మధ్య తేడా ఏమిటి?
2. పనికి గడువు పెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చింది?