కళ్లు లేని పండితుడు, కళ్లున్న పనివాడు

తేనెటీగల పెట్టెల్లో ఇప్పుడు చిన్న చిన్న యంత్రాలు అమరుస్తున్నారు. అడుగున త్రాసు, లోపల వేడిని కొలిచే సాధనం, రెక్కల మోత వినే మైకు, గుమ్మం దగ్గర కెమెరా. ఆ లెక్కలన్నీ సెల్‌ఫోనుకు చేరతాయి. పెట్టె బరువు పెరుగుతుంటే పూలలో మకరందం బాగా దొరుకుతున్నదని అర్థం. ఉన్నట్టుండి బరువు పడిపోతే రాణితో సహా పెద్ద గుంపు లేచిపోయి ఉండవచ్చు. పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీల దగ్గర నిలవకపోతే లోపల ఏదో తేడా వచ్చిందన్నమాట. మూత తీయకుండానే ఇదంతా తెలిసిపోతుంది.

మెచ్చుకోవలసిన సంగతే. కాని పట్టు చెడగొట్టకుండా లోపలి సంగతి చూడాలన్న కోరిక ఈనాటిది కాదు. రెండువందల ఏళ్లకు పూర్వమే దానికి దారి వేసినవాడు ఫ్రాన్స్వా హ్యూబర్. విచిత్రమేమంటే ఆయనకు చూపు లేదు. ఆయన కథతో పాటు ఆయన ఇంట్లో పనిచేసిన ఒక పనివాడి కథ కూడా ఈవేళ చెప్పదలిచాం. అసలు ఆ రెండో మనిషి కోసమే రాస్తున్నామన్నా తప్పులేదు.

హ్యూబర్ 1750లో జెనీవాలో పుట్టాడు. కలిగిన కుటుంబం. పదిహేనో ఏట నుంచే చూపు తగ్గుతూ వచ్చి, పూర్తిగా పోయింది. ఆయన్ని ప్రేమించిన మేరీ ఎమే లులిన్ తండ్రి వద్దన్నా వినలేదు. మేజరు అయ్యేదాకా ఆగి ఆయన్నే పెళ్లాడింది. జీవితాంతం ఆయనకు తోడుగా నిలిచింది.

ఆ ఇంటికి పల్లెనుంచి పనికి వచ్చినవాడు ఫ్రాన్స్వా బర్నెన్స్. పెద్ద చదువులు లేవు. యజమానికి పుస్తకాలు చదివి వినిపించడం అతని పనుల్లో ఒకటి. ప్రకృతి శాస్త్ర గ్రంథాలు చదువుతూ మధ్యమధ్య అతను వేసే ప్రశ్నలు వినేసరికి, ఇతను మామూలు నౌకరు కాదని హ్యూబర్‌కు అర్థమైంది. ఇద్దరూ కలిసి తేనెటీగల మీద పరీక్షలు మొదలుపెట్టారు. ఏం చూడాలో, ఎలా చూడాలో హ్యూబర్ ఆలోచించేవాడు. బర్నెన్స్ చూసి, చేసి, వచ్చి చెప్పేవాడు. మళ్లీ మళ్లీ అడిగి, అనుమానం తీరాకనే హ్యూబర్ ఒప్పుకునేవాడు.

ఆ రోజుల్లో యూరప్ పల్లెల్లో ఈగలను గడ్డితో అల్లిన బుట్టల్లో పెంచేవారు. తేనె కావాలంటే చాలాచోట్ల గంధకం పొగపెట్టి ఈగలను చంపేసేవారు. ఏడాది పొడుగునా కష్టపడి కూడబెట్టిన ఈగకు చివరకు దక్కేది చావు! బుట్ట లోపల ఏం జరుగుతున్నదో చూసే వీలు కూడా లేదు. హ్యూబర్ పన్నెండు చెక్క చట్రాలను బందులతో కలిపి పుస్తకం పుటల్లా తెరుచుకునే పెట్టె చేయించాడు. ఒక్కో చట్రంలో ఒక్కో పట్టు. ఏ పుట కావాలంటే ఆ పుట తిప్పి చూడవచ్చు. ఈగ చావదు, పట్టు చెదరదు.

ఈ పరీక్షల వల్ల ఎన్నో పాత నమ్మకాలు కూలిపోయాయి. రాణి ఈగ పెట్టె లోపల కాదు, బయటికి ఎగిరివెళ్లి పోతు ఈగలతో కలుస్తుందని 1788లో తేల్చారు. మైనం పుప్పొడితో తయారవుతుందని అందరూ అనుకునేవారు. ఈగలకు తేనె, నీళ్లు మాత్రమే ఇచ్చి మూసిపెట్టి చూస్తే, అవి మైనం తీసి పట్టు కట్టాయి. పుప్పొడి మాత్రమే ఇస్తే కట్టలేదు. దాంతో ఆ వాదం తీరిపోయింది.

కూలి ఈగల్లో కూడా కొన్ని గుడ్లు పెడతాయా అన్నది మరో ప్రశ్న. అది తేలాలంటే పెట్టెలో ఉన్న ప్రతి ఈగనూ పరీక్షించాలి. బర్నెన్స్ ఆ పనికి పూనుకున్నాడు. రెండు పెట్టెల్లోని ఈగలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. పదకొండు రోజులు పట్టింది. కళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వడం తప్ప పని ఆపలేదు. గుడ్లు పెట్టే కూలి ఈగలు ఉన్నాయని తేలింది. ఈ పనిని ఏ పేరుతో పిలవాలి? చాకిరీ అందామా, శాస్త్రం అందామా? మా దృష్టిలో రెండూ ఒకటే.

1792లో హ్యూబర్ తన పరిశోధనలను పుస్తకంగా అచ్చువేశాడు. అందులో బర్నెన్స్ పేరు దాచలేదు. తాను చూడలేదనీ, చూసినవాడు ఇతననీ ముందుమాటలోనే స్పష్టంగా రాశాడు. నౌకరు పేరు పుస్తకాల్లో కనిపించని కాలమది. కొన్నేళ్ల తర్వాత బర్నెన్స్ స్వస్థలానికి వెళ్లిపోయి, అక్కడ మేజిస్ట్రేటు అయ్యాడు. ఆ తర్వాత భార్య, కొడుకు పియేర్ హ్యూబర్‌కు కళ్లయ్యారు. కొడుకు సాయంతో 1814లో పుస్తకం పెంచి మళ్లీ వేశాడు. 1831లో కన్నుమూశాడు.

ఆ దారినే తర్వాతివాళ్లు నడిచారు. హ్యూబర్‌ను చదివిన అమెరికా మతబోధకుడు లాంగ్‌స్ట్రాత్ 1851లో ఒక కీలకం పట్టుకున్నాడు. చట్రాల చుట్టూ ఈగ దూరేంత సందు మాత్రమే వదిలితే, ఈగలు దాన్ని మైనంతో పూడ్చవు, అడ్డపట్టు కట్టవు. చట్రం తేలిగ్గా పైకి వస్తుంది. 1865లో పట్టు చెడకుండా తిప్పి తేనె తీసే యంత్రం వచ్చింది. ఇప్పటి త్రాసులూ, కెమెరాలూ ఆ వరుసలో కొత్తవి. అంతే.

కాని ఒక తేడా ఉంది. హ్యూబర్ పెట్టె వెనుక బర్నెన్స్ పేరు ఉంది. ఈనాటి పెట్టె వెనుక? రాత్రికి రాత్రి పెట్టెలు లారీకెత్తి పొద్దుతిరుగుడు చేల గట్టున దించే కూలీ పేరు ఏ ఫోనులోనూ కనిపించదు. నల్లమలలో తాళ్లు పట్టుకుని కొండచరియకు వేలాడి తేనె దించే చెంచు నేర్పు ఏ యంత్రం లెక్కలోకీ రాదు. యంత్రం వద్దని మేం అనడం లేదు. యంత్రం చెప్పే లెక్క పెట్టె మోసేవాడికీ తెలియాలి, దానివల్ల పెరిగిన రాబడిలో వాడికీ పాలుండాలి అంటున్నాం.

ఇంకో మాట. పూత మీదున్న చేలో పట్టపగలు పురుగుమందు కొడితే, మకరందం కోసం వచ్చిన ఈగలు చస్తాయి. పక్క గట్టున పెట్టెలు ఖాళీ అవుతాయి. గింజ కట్టడమూ తగ్గుతుంది. ఈగలు చచ్చాయని సాధనం చెబుతుంది గాని, ఆపలేదు. మందు కొట్టే కూలీయే ముందు ఈగలను చూస్తాడు. పూత రోజుల్లో వద్దు, తప్పదంటే ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొడదాం అని అతను ఆసామికి చెప్పగలగాలి. చెబితే కూలి పోతుందన్న భయం ఉండకూడదు. ఒక్కడు చెబితే వినకపోవచ్చు, సంఘమంతా చెబితే వింటారు.

బర్నెన్స్ మాటను హ్యూబర్ విన్నాడు. అందుకే ఆ శాస్త్రం నిలిచింది.