సెలవు తీసుకున్న లా జర్నల్

ప్లీడరు ఆఫీసుల్లోంచి లా జర్నల్ వెళ్లిపోయింది. అచ్చు పూర్తిగా ఆగలేదు, చందా కట్టే పెద్దలూ కొందరున్నారు. కానీ రూలింగ్ కావాలంటే లేచి బీరువా దగ్గరికి వెళ్లేవాళ్లు ఇప్పుడు లేరు. తరతరాల వకీళ్లకు కోర్టు చదువు చెప్పిన ఆ పెద్ద గురువుకు నాలుగు మాటల్లో నివాళి చెప్పుకోవడం మా తరం ధర్మం.

దాని వంశం పెద్దది. 1875 నాటి చట్టంతో ఇండియన్ లా రిపోర్ట్స్ మొదలయ్యాయి. 1891లో మద్రాసు లా జర్నల్ వచ్చింది. కోస్తా, సీమ జిల్లాల అప్పీళ్లు మద్రాసుకు వెళ్లిన రోజుల్లో మన పెద్దలు దాన్నే చదువుకున్నారు. 1914 తీర్పుల నుంచి సంపుటాలున్న నాగపూర్ ఏఐఆర్, 1969లో మొదలైన లక్నో ఎస్‌సీసీ ప్రతి ఊళ్లోనూ బీరువాలు నింపాయి. 1954లో గుంటూరులో మనకంటూ హైకోర్టు ఏర్పడి, రెండేళ్లకు హైదరాబాద్ చేరింది. ఆ హైకోర్టు తీర్పులను ఏఎల్‌టీ, ఏఎల్‌డీ జిల్లా జిల్లాకూ మోసుకొచ్చాయి. మున్సిఫు కోర్టులో చిన్న దావా నడిపే ప్లీడరు, ఢిల్లీలో వాదించే సీనియరు చదివే పేజీనే చదివేవాడు. జర్నల్ చేసిన సేవల్లో నేను అన్నిటికన్నా గొప్పదనుకునేది ఇదే.

తెనాలిలో నేను జూనియర్‌గా చేరిన ఆఫీసులో కొత్త సంచిక వస్తే ముందు నా బల్ల మీదికే వచ్చేది. హెడ్‌నోట్లు చదివి, ఏ తీర్పు పాత తీర్పులను ఏం చేసిందో చూసి, బీరువాలోంచి ఆ పాత సంపుటం తీసి, అంచులో పెన్సిల్‌తో గుర్తు రాయాలి. మా సీనియర్‌గారి సెట్‌లో 1967 సుప్రీంకోర్టు సంపుటం 1643వ పేజీ దగ్గర, గోలక్‌నాథ్ తీర్పు పక్కన, నాకు ముందు పనిచేసిన జూనియర్ ఎవరో సన్నటి అక్షరాలతో ‘ఓవర్‌రూల్డ్, 1973 ఎస్సీ 1461’ అని రాసి ఉంచారు. రెండోది కేశవానంద భారతి తీర్పు. ఏ రూలింగ్ ఇంకా నిలిచి ఉంది, దేనికి కాలం చెల్లింది అన్నది అలా చేతిరాతతో ఒంటబట్టేది. “హెడ్‌నోట్ దారి చూపిస్తుందబ్బాయ్, తీర్పు మాత్రం మొత్తం చదువు” అనేవారు సీనియర్‌గారు.

ఏడాది చివర బైండరు వచ్చేవాడు. ఏఐఆర్‌లో ఒక్కో కోర్టుకు పేజీల లెక్క వేరు. అందుకని నెలనెలా వచ్చిన సంచికలను విప్పి, సుప్రీంకోర్టు కాగితాలు ఒకవైపు, హైకోర్టులవి మరోవైపు పేర్చి, కుట్టి, వీపున కాలికో అంటించేవాడు. ఆ సంపుటాలే కాగితం చీటీలు పెట్టించుకుని, గుమాస్తా చేతుల మీదుగా కోర్టు హాలుకు వెళ్లి, బెంచ్ క్లర్కు అందించగా జడ్జిగారి ముందు తెరుచుకునేవి.

ఎడిటర్లను ఇక్కడ తలచుకోకపోతే తప్పు. పేరు కూడా తెలియని ఆ మనుషులు వందల పేజీల తీర్పును పేరాలుగా విడదీసి, నంబర్లు వేసి, సారాన్ని పది వాక్యాల్లో పెట్టేవారు. ఎస్‌సీసీ ప్రచురించే ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీర్పు పాఠం అందరిదే అంటూనే, పేరాలు విడదీయడం వంటి పనిలో ఉన్న నైపుణ్యానికీ వివేచనకూ కాపీరైట్ రక్షణ ఇచ్చింది. ఆ శ్రమకు అంతకన్నా గౌరవం ఏముంటుంది!

తరువాత సీడీలు, ఆన్‌లైన్ చందాలు వచ్చాయి. 2008లో ఇండియన్ కానూన్ వచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టే ఈ-ఎస్‌సీఆర్ పేరుతో తన తీర్పులను ఉచితంగా అందరి ముందూ పెట్టింది. ఆ ఏడాదే న్యూట్రల్ సైటేషన్ వచ్చి, తీర్పును ఉదహరించడానికి జర్నల్ పేరు చెప్పే అవసరం కూడా తీరిపోయింది. దీని మీద నాకు కోపం లేదు. సెట్ కొనే స్తోమత లేని జూనియర్ అమ్మాయికి ఈరోజు బస్సులో కూర్చుని కేశవానంద భారతి మొత్తం చదువుకునే వీలుంది. మున్సిఫు కోర్టు దాకా చట్టాన్ని చేర్చాలని జర్నల్ మొదలుపెట్టిన పనే ఇది. పని మరొకరికి అప్పగించి, హుందాగా పక్కకు జరిగింది.

బీరువాలు ఖాళీ చేస్తున్న వారసులకు ఒక్క మనవి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. 302 కింద విచారణలో ఉన్న హత్య కేసులు ఇంకా ఎన్నో ఉన్నాయి, ఆ పాత రూలింగులతో ఇంకా పని ఉంది. తీర్పులు తెర మీద దొరుకుతాయి గానీ, మీ నాన్నగారి ఆఫీసులో జూనియర్లు అంచుల్లో రాసిన గుర్తులు ఎక్కడా దొరకవు. కిలోల లెక్కన తూచే ముందు మీ ఊరి బార్ అసోసియేషన్ లైబ్రరీకి ఒక్క ఫోన్ చేయండి.