ఊపిరి లెక్క తేల్చిన కూలి బిడ్డ

బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ చదువుతున్నారా? బయోమెడికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి ఆసుపత్రి పరికరాల కంపెనీల్లో ఉద్యోగం వెతుకుతున్నారా? అయితే అనస్థీషియా యంత్రంలోని వెంటిలేటర్ భాగాలేమిటి, అది ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. భాగాల పేర్లు చాలామంది గడగడా అప్పజెప్పేస్తారు. ఆ భాగం అక్కడ ఎందుకుంది అని ఎదురు ప్రశ్న పడితే మాత్రం నీళ్లు నములుతారు. ఆ ‘ఎందుకు’ మీకు గుర్తుండిపోవాలంటే ఒక మనిషి జీవితం తెలుసుకోండి. ఆయన పేరు జాన్ స్నో.

కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపిన వైద్యుడిగా ఆయన పేరు మీరు వినే ఉంటారు. కానీ రోజూ ఆయనకు తిండి పెట్టిన వృత్తి మత్తు ఇవ్వడం. ఈ రోజు ఆపరేషన్ థియేటర్లో మీరు చూసే యంత్రంలోని మూడు ముఖ్యమైన ఆలోచనల మీద ఆయన 170 ఏళ్ల క్రితమే పనిచేశారు.

పద్నాలుగేళ్లకే పనిలోకి

1813 మార్చి 15న ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో స్నో పుట్టారు. తండ్రి కూలీ. తొమ్మిది మంది పిల్లల్లో ఈయనే పెద్ద. పెద్ద కాలేజీల్లో చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకే 14 ఏళ్లకే న్యూకాజిల్‌లో ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. మన భాషలో చెప్పాలంటే అప్రెంటిస్. అక్కడ ఉండగానే 1831-32లో కలరా వచ్చింది. కిల్లింగ్‌వర్త్ బొగ్గు గనుల కార్మికులకు వైద్యం చేసే బాధ్యత ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఈ కుర్రాడి మీద పడింది.

1836లో లండన్ బయల్దేరారు. ఆ ప్రయాణంలో చాలా భాగం కాలినడకే. అక్కడ మెడికల్ స్కూల్లో చేరి 1838లో సర్జన్‌గా అర్హత పొందారు. సోహో ప్రాంతంలో చిన్న ప్రాక్టీసు పెట్టుకున్నారు. రోగులు పెద్దగా వచ్చేవారు కాదు. ఖాళీగా కూర్చోలేదు. వైద్య సంఘాల సమావేశాలకు వెళ్లి పత్రాలు చదివారు, ప్రయోగాలు చేశారు, పరీక్షలు రాశారు. 1844లో లండన్ యూనివర్సిటీ నుంచి ఎండీ అందుకున్నారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఖాళీ వచ్చిందని దిగులుపడేవాళ్లు ఈ కాలాన్ని ఓసారి గమనించండి. తర్వాత ఆయనకు పేరు తెచ్చిన పనికి విత్తనం పడింది ఈ ఖాళీలోనే.

రెండు పిచికారీల పరికరం

1841లో స్నో వెస్ట్‌మినిస్టర్ మెడికల్ సొసైటీ ముందు ఒక పత్రం చదివారు. పుట్టగానే ఊపిరి తీసుకోని పసికందులను ఎలా బతికించాలన్నది అందులోని విషయం. రీడ్ అనే పనివాడు తయారుచేసిన ఒక పరికరాన్ని అందులో వివరించారు. పక్కపక్కనే బిగించిన రెండు పిచికారీలు. ఒక్కోదానికి రెండేసి కవాటాలు. రెండు దట్టాలనూ ఒకే చేత్తో పైకి లాగి కిందికి నొక్కుతారు. ఒక పిచికారీ నోటి నుంచి ఊపిరితిత్తుల్లోని గాలిని బయటికి లాగితే, రెండోది అంతే కొలత తాజా గాలిని ముక్కు ద్వారా లోపలికి పంపుతుంది.

ఇందులో ఉన్న మూడు సంగతులు పట్టుకోండి. గాలిని నెట్టే శక్తి ఒకటి. గాలి ఒకే దిశలో వెళ్లేలా చూసే కవాటాలు రెండోది. ప్రతి శ్వాసకీ లెక్క ఉండాలన్నది మూడోది. వెంటిలేటర్ అంటే ఇంతే. ఒక్క తేడా ఉంది. ఇప్పటి యంత్రం ఊపిరితిత్తుల్లోంచి గాలిని పీల్చి లాగదు. ఒత్తిడి తీసేస్తే చాలు, సాగిన ఛాతీ, ఊపిరితిత్తులు తమంతట తామే ముడుచుకుని గాలిని వదిలేస్తాయి.

రుమాలు చాలదు, కొలత కావాలి

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తో మత్తిచ్చి నొప్పి లేకుండా ఆపరేషన్ చేసి చూపారు. డిసెంబర్‌కల్లా ఆ విద్య లండన్ చేరింది. అయితే ఒకరికి మత్తు ఎక్కేది, మరొకరికి ఎక్కేది కాదు. కారణం ఎవరికీ తోచలేదు.

స్నోకి తోచింది. ద్రవం ఆవిరయ్యే మోతాదు వేడిని బట్టి మారుతుంది. వెచ్చటి గదిలో ఎక్కువ ఆవిరి, చలి గదిలో తక్కువ. పైగా ఆవిరవుతున్నకొద్దీ ఆ ద్రవమే చల్లబడిపోతుంది. అంటే ఆపరేషన్ సాగేకొద్దీ మత్తు తగ్గిపోతుంది. 1847 జనవరిలోనే ఆయన ఏ ఉష్ణోగ్రత దగ్గర గాలిలో ఎంత ఈథర్ ఆవిరి పడుతుందో పట్టిక వేశారు. ఈథర్ ఉన్న లోహపు పాత్రను నీళ్ల తొట్టిలో ఉంచి వేడి మారకుండా చూశారు. రోగి ఊపిరికి అడ్డు రాకుండా వెడల్పాటి గొట్టం పెట్టారు. ముఖానికి పెట్టే మాస్కులో కవాటం అమర్చి, బయటి గాలిని కలిపి మోతాదు తగ్గించుకునే వీలు కల్పించారు. అదే ఏడాది ఈథర్ మీద పుస్తకం రాసి, మత్తు ఎంత లోతుకు వెళ్లిందో అయిదు దశలుగా విడగొట్టారు.

ఇప్పుడు యంత్రం మీద ఉండే వేపరైజర్‌ని చూడండి. బరువైన లోహపు ఒళ్లు, వేడి మారితే దానికి తగ్గట్టు గాలి దారిని సర్దే ఏర్పాటు, శాతం చూపే డయల్. పసుపు రంగుది సెవోఫ్లూరేన్‌కి, ఊదా రంగుది ఐసోఫ్లూరేన్‌కి. ఒకదానిలో ఇంకొకటి పోయకూడదు. ఎందుకంటే ప్రతి మందూ ఆవిరయ్యే లెక్క వేరు. స్నో పట్టిక చెప్పింది ఈ మాటే.

ఒక అమ్మాయి మరణం

1847 నవంబర్లో క్లోరోఫాం వచ్చింది. వాసన బాగుండేది, త్వరగా పనిచేసేది, పరికరమే అక్కర్లేదు. రుమాలు మీద పోసి ముక్కు దగ్గర పెడితే సరిపోయేది. 1848 జనవరి 28న న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి అలాగే ఇచ్చారు. నిమిషాల్లో ప్రాణం పోయింది. గోరు తీయించుకోవడానికి వచ్చిన పిల్ల!

గుడ్డ మీద పోసిన మందు ఒక్కసారిగా ఎంత చిక్కటి ఆవిరిగా లోపలికి పోతుందో ఎవరూ చెప్పలేరన్నది స్నో వాదన. గాలిలో క్లోరోఫాం నాలుగైదు శాతం దాటకుండా చూడాలని లెక్క కట్టారు. ఆయన వేల మందికి క్లోరోఫాం ఇచ్చారు, ఒక్కో కేసునూ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా మహారాణి ప్రసవ సమయంలో మత్తివ్వడానికి పిలిపించింది ఈయన్నే. అక్కడ మాత్రం ఆయన రుమాలే వాడారు. స్పృహ పోకుండా నొప్పి తగ్గితే చాలు కాబట్టి కాస్త కాస్తగా చుక్కలు వేశారు. లెక్క తెలిసినవాడికి రుమాలు కూడా పరికరమే. లెక్క తెలియనివాడి చేతిలో మంచి పరికరమైనా ప్రమాదమే.

వదిలిన ఊపిరినే మళ్లీ

మత్తు ఆవిరి చాలావరకు మారకుండానే ఊపిరితో బయటికి వచ్చేస్తోందని స్నో గమనించారు. అలాంటప్పుడు దాన్ని వృథాగా వదలడం దేనికి? 1850 ప్రాంతంలో ఆయన తన మీదే ప్రయోగం చేసుకున్నారు. వదిలిన ఊపిరిని కాస్టిక్ పొటాష్ గుండా పోనిచ్చి కార్బన్ డయాక్సైడ్‌ని తీసేసి, ఆక్సిజన్ కలిపి, ఆ గాలినే మళ్లీ పీల్చారు. మత్తు ఎక్కువసేపు నిలిచింది.

ఇంటర్వ్యూలో తరచూ తడబడే ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఐసీయూ వెంటిలేటర్‌కీ అనస్థీషియా వెంటిలేటర్‌కీ తేడా ఏమిటి? ఐసీయూ యంత్రం రోగి వదిలిన గాలిని బయటికి పంపేస్తుంది. అనస్థీషియా యంత్రం ఆ గాలిని సోడాలైమ్ డబ్బా గుండా తిప్పి, కార్బన్ డయాక్సైడ్ తీసి, మిగిలిన మత్తునీ ఆక్సిజన్‌నీ మళ్లీ వాడుతుంది. సోడాలైమ్ గుళికలు తెలుపు నుంచి ఊదాకి మారాయంటే వాటి పని అయిపోయినట్టే.

ఇప్పుడు యంత్రం ముందు నిలబడండి

స్నో కాలంలో రోగి తానే ఊపిరి తీసుకునేవాడు. 1942లో కెనడాలో ఆపరేషన్లకు క్యురారే వాడడం మొదలయ్యాక సంగతి మారింది. కండరాలను వదులు చేసే మందు ఛాతీ కండరాలను కూడా వదిలిపెట్టదు. ఇక ఊపిరి వేరెవరో వేయాలి. సంచీ నొక్కుతూ గంటలకొద్దీ చేయి నొప్పి పుట్టించుకునే బదులు ఆ పనిని వెంటిలేటర్‌కి అప్పగించారు.

పాత పద్ధతి వెంటిలేటర్‌లో ఒక పారదర్శకమైన గుండ్రటి గది, దాని లోపల మడతల తిత్తి ఉంటాయి. కమ్మరి కొలిమితిత్తి గుర్తు తెచ్చుకోండి. తిత్తి లోపల ఉండేది రోగి పీల్చే గాలి. తిత్తి బయట, గది గోడకీ దానికీ మధ్య నింపేది డ్రైవ్ గ్యాస్. ఈ రెండూ కలవవు. డ్రైవ్ గ్యాస్ గదిలోకి తోసుకొచ్చినప్పుడు తిత్తి నలిగి, లోపలి గాలి రోగికి వెళుతుంది. అప్పుడు స్పిల్ వాల్వ్ మూసుకుని ఉంటుంది. తర్వాత డ్రైవ్ గ్యాస్ బయటికి పోతుంది, రోగి వదిలిన గాలితో, యంత్రం నుంచి వచ్చే తాజా గాలితో తిత్తి మళ్లీ నిండుతుంది. పూర్తిగా నిండాక మిగులు గాలిని స్పిల్ వాల్వ్ స్కావెంజింగ్ గొట్టంలోకి వదిలేస్తుంది. లేకపోతే థియేటర్లో పనిచేసే మీరే ఆ మత్తు పీల్చాల్సి వస్తుంది.

ఊపిరి వదిలేటప్పుడు పైకి లేచే తిత్తికి ఒక మంచి గుణం ఉంది. గొట్టం ఊడితే అది మళ్లీ లేవలేదు, కూలబడిపోతుంది. చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది. కిందికి వేలాడే రకం తిత్తి గొట్టం ఊడినా తన బరువుకే సాగుతూ ముడుచుకుంటూ అంతా బాగున్నట్టే కనిపించగలదు. పిస్టన్ రకం యంత్రాల్లో డ్రైవ్ గ్యాస్ ఉండదు, మోటారే గాలిని నెడుతుంది.

ఇక లెక్క. ఎత్తును బట్టి ఉండాల్సిన బరువుకి కిలోకి 6 నుంచి 8 మిల్లీలీటర్లు ఒక శ్వాస. 60 కిలోలకి 7 చొప్పున 420 మిల్లీలీటర్లు. నిమిషానికి 12 శ్వాసలైతే సుమారు 5 లీటర్లు. పీల్చడానికి ఒక వంతు సమయం, వదలడానికి రెండు వంతులు. ఈ అంకెలను డాక్టర్ నిర్ణయిస్తారు. యంత్రం వాటిని నిజంగా అందిస్తోందా అన్నది చూసుకోవడంలో మీకూ పాత్ర ఉంటుంది. పొద్దున్నే లీక్ టెస్ట్, కవాటాల కదలిక, సోడాలైమ్ రంగు, సిలిండర్ ఒత్తిడి, చేతికి అందేలా అంబు బ్యాగ్. వీటిలో ఒక్కటి వదిలేసినా దాని ఫలితం అనుభవించేది మాట్లాడలేని స్థితిలో పడుకున్న మనిషి.

హైదరాబాద్ మాట

క్లోరోఫాం చావులపై వాదన స్నోతో ఆగలేదు. చిక్కటి ఆవిరి నేరుగా గుండెనే ఆపగలదని ఆయన చెప్పారు. 1888, 1889ల్లో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు మాత్రం ముందు ఆగేది ఊపిరేనని, దాన్నే కనిపెట్టి ఉండాలని తేల్చాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చాలామంది పేర్కొనే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది లారీ నడిపిన మెడికల్ స్కూల్లోనే. గుండె లయ తప్పి కూడా ప్రాణం పోవచ్చని 1911లో ఇంగ్లండ్‌లో లెవీ ప్రయోగాలు చూపాయి. అందుకే ఇవాళ మానిటర్ మీద ఈసీజీ గీత, ఊపిరి వదిలే కార్బన్ డయాక్సైడ్ గీత రెండూ నడుస్తుంటాయి. ఒకటి చూసి రెండోది వదిలేయకండి.

మీకు మిగిలేది

ఆవిరుల గుణం తెలిసినవాడు కాబట్టే, దుర్వాసన గాలితో కలరా వస్తుందన్న నమ్మకాన్ని స్నో ఒప్పుకోలేదు. ఆవిరి దూరం వెళ్లేకొద్దీ పలచబడాలి కదా! 1854లో సోహోలో ఇల్లిల్లూ తిరిగి చావుల లెక్క తీశారు. అది బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపును చూపించింది. సెప్టెంబర్ 8న దాని పిడిని ఊడదీశారు. అయినా ఆయన బతికుండగా ఆ మాటను అంగీకరించినవారు కొద్దిమందే.

క్లోరోఫాం మీద పెద్ద పుస్తకం ముగింపుకొస్తుండగా పక్షవాతం వచ్చి, 1858 జూన్ 16న 45 ఏళ్లకే కన్నుమూశారు. పుస్తకం అదే ఏడాది అచ్చయింది.

రేపు ఇంటర్వ్యూ గదిలో మీ ముందు వెంటిలేటర్ బొమ్మ పెడితే పేర్లతో మొదలుపెట్టకండి. గాలి ఎక్కడ బయల్దేరింది, ఎవరు నెట్టారు, ఎటు తిరిగింది, ఎక్కడ శుభ్రమైంది, మిగిలింది ఎటు పోయింది అన్న వరుసలో చెప్పండి. పేర్లు వాటంతట అవే వస్తాయి. ఉద్యోగం వచ్చాక కూడా అదే వరుసలో రోజూ యంత్రాన్ని చూడండి. డిగ్రీ కంటే ముందు కూలి బిడ్డ జాన్ స్నో దగ్గర ఉన్నది ఈ అలవాటే. దానికి ఫీజు కూడా లేదు.