పిల్లలకు బొమ్మల పత్రిక ఇచ్చిన రేడియో అన్నయ్య

ఈసారి మన గోడపత్రికలో న్యాపతి రాఘవరావు గారి గురించి తెలుసుకుందాం. ఈ పేరు మనలో చాలామందికి తెల్వదు. రేడియో అన్నయ్య అంటే మాత్రం పెద్దవాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

ఆయన 1905లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1938లో మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. ఆ రేడియోలో ఆయన, ఆయన భార్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమాలు నడిపిన్రు. ఆయన అన్నయ్య అయిండు, ఆమె అక్కయ్య అయింది. పిల్లల గురించి పెద్దవాళ్ళు మాట్లాడుడు కాదు, పిల్లలతోనే మైకు ముందర పాటలు పాడించిన్రు, నాటకాలు వేయించిన్రు.

అయితే రేడియోలో మాట వినబడుతది గానీ బొమ్మ కనబడదు గదా! చదువు రాని చిన్నపిల్లలకు బొమ్మ కావాలె. అందుకే 1945 ఆగస్టులో అన్నయ్య, అక్కయ్య ‘బాల’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. అవి రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజులు. కాగితం దొరకడమే కష్టం. ఒక్కొక్క బొమ్మకు లోహపు బ్లాకు చేయించి అచ్చువేయాలె. అంత ఖర్చూ, శ్రమా పిల్లల కోసం పెట్టిన్రు. మనకు తెలిసిన ‘చందమామ’ కూడా ఆ తర్వాత రెండేండ్లకు, 1947లో వచ్చిందే.

ఇంకో ముచ్చట. ‘బాల’లో పెద్దవాళ్ళవే కాదు, పిల్లలు వేసిన బొమ్మలు, రాసిన కథలు కూడా అచ్చువేసేవారు. అట్ల 1945లోనే ఒక పిలగాని బొమ్మ, ఇంకో పిలగాని కథ అందులో వచ్చినయ్. బొమ్మ వేసినాయనకు అప్పటికి పన్నెండేండ్లు నిండలేదు. కథ రాసినాయనకు పద్నాలుగేండ్లు. వాళ్ళే తర్వాత పేరుపొందిన బాపు గారు, ముళ్ళపూడి వెంకటరమణ గారు. పెద్దయినంక ఇద్దరూ కలిసి ‘బుడుగు’ను తయారుచేసిన్రు. చిన్న పిలగాడు పెద్దోళ్ళను చూసి తన మాటల్లో చెప్పే ముచ్చట్లు, పక్కన బాపు బొమ్మలు. చదివితే కడుపు చెక్కలయ్యేటట్టు నవ్వొస్తది. ఆ చేతులకు మొదట చోటిచ్చింది రేడియో అన్నయ్యే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడినంక అన్నయ్య, అక్కయ్య హైదరాబాదు వచ్చిన్రు. ఇక్కడి రేడియోలో కూడా పిల్లల కార్యక్రమాలు నడిపిన్రు. నారాయణగూడలో బాలానంద సంఘం పనిచేసింది. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో కన్నుమూశారు.

ఇది చదివినంక నాకు మన గోడపత్రిక యాదికొచ్చింది. మూడో తరగతిలో కొత్తగా చేరిన తండా పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు. మనం రాసిన తెలుగు వాళ్ళకు ఇంకా సరిగ అందదు. పైగా పత్రికను మన ఎత్తుకు అంటిస్తున్నం. వాళ్ళు మెడలెత్తి చూసి వెళ్ళిపోతరు. రాత్రి అయితే ఇంటిమీద బెంగతోని ఏడుస్తరు. మొన్న ఒక మిత్రుడు సుద్దముక్కతో అరుగు మీద, బడికి పోను అని మొండికేసిన మేకపిల్ల బొమ్మ వేసిండు. ఏడ్చే పిల్లలు ఏడుపు ఆపి నవ్విన్రు. అందులో ఒక్క అక్షరం లేదు.

కాబట్టి వచ్చే నెల నుంచి కింది వరుస చిన్నోళ్ళకే ఇద్దాం. వాళ్ళ కండ్లకు అందేటట్టు అంటిద్దాం. నవ్వించే బొమ్మలు మనం వేద్దాం, వాళ్ళతోని కూడా వేయిద్దాం. ఎవరి చేతిలో ఏముందో ముందుగాల ఎవరికి ఎరుక?

— 9వ తరగతి విద్యార్థి, కట్టంగూర్